పెద్దక్క ఊఁ అంటేనే

“గ్యాసు కట్టేశావా?”

చెప్పుల్లో కాళ్లు పెట్టబోతున్న చిన్నక్క ఆగింది. కట్టేసింది. పాలు దించిన మరుక్షణమే కట్టేసింది. మీట తిప్పినప్పుడు అంటిన జిడ్డు ఇంకా వేలి మీదే ఉంది. అయినా భర్త అడిగాడు కాబట్టి మళ్లీ వంటింట్లోకి వెళ్లి చూసింది. కట్టేసే ఉంది. తిరిగొచ్చేసరికి అతను ఇంకో ప్రశ్నతో సిద్ధంగా ఉన్నాడు. “వెనక తలుపు?” ఆమె మళ్లీ వెళ్లింది. గడియ పెట్టే ఉంది. “బాత్‌రూమ్‌లో లైటు?” అన్నాడు, మెట్లు దిగుతూ, వెనక్కి తిరగకుండానే.

ఈ తతంగం ఆ ఇంట్లో రోజూ ఉండేదే. చిన్నక్క భర్త చెడ్డవాడని ఎవరూ అనలేరు. చెయ్యెత్తడు, తాగడు, జీతం తెచ్చి ఇంట్లో పెడతాడు. అతనికున్నదల్లా జాగ్రత్త. ఆ జాగ్రత్తంతా పెళ్లాం మీదే. “దీనికి మతిమరుపండీ, నేను చూసుకోకపోతే కొంప మునిగినట్టే” అని ఇంటికొచ్చిన వాళ్లందరికీ నవ్వుతూ చెబుతాడు. వచ్చినవాళ్లూ నవ్వుతారు. అత్తగారు ఆ మాట అందుకుంటుంది. “మావాడు గనక సరిపోయింది. ఇంకొకడైతే ఎప్పుడో తల పట్టుకునేవాడు.” బడికెళ్లే కూతురు కూడా నేర్చేసుకుంది. “అమ్మా, నువ్వు మర్చిపోతావులే, నాన్నకి చెప్తా” అంటుంది, బడి మీటింగు గురించైనా, పళ్ల డాక్టరు గురించైనా. ఆ నాన్న మర్చిపోతే మళ్లీ గుర్తు చేసేది ఎవరనుకున్నారు? అమ్మే. కానీ ఆ ఇంట్లో గుర్తు చెయ్యడం జ్ఞాపకశక్తి కిందికి రాదు, సణుగుడు కిందికి వస్తుంది.

ఆ ఉదయం బాత్‌రూమ్ లైటు చూడటానికి లోపలికి వెళ్లినప్పుడే ఆమె ఫోను మోగింది. ఆమె పనిచేసే మందుల షాపు ఓనరుగారు. అంత పొద్దున్నే ఆయన ఎప్పుడూ ఫోను చెయ్యరు.

“పెద్దక్క పోయిందమ్మా” అన్నారు ఆయన. “నిన్న సాయంత్రం. ఇంట్లోనే. ఇప్పుడే తెలిసింది.”

చిన్నక్కకు ఆ మాటను ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మొన్న శనివారం సాయంత్రం షట్టరు దించుతూ, “సోమవారం కాస్త ముందు రా, సరుకు వస్తుంది” అన్న మనిషి పోవడమేమిటి? సోమవారం ఇవాళే కదా. ఆమె ఫోను చెవి దగ్గరే ఉంచుకుని లైటు వేసింది, ఆర్పింది, మళ్లీ వేసింది. “ఏమైందే?” అని భర్త కింది నుంచి అరిస్తే, “పెద్దక్క పోయిందట” అంది.

“ఎవరూ, షాపులో పెద్దావిడా? అయ్యో పాపం.” అతను వాచీ చూసుకున్నాడు. “సరే, తాళం వేసి ఒకసారి లాగి చూడు. నాకు టైమవుతోంది.”

ఆమె తాళం వేసి లాగి చూసింది.

ఆ పేర్ల సంగతి కాస్త చెప్పాలి. వాళ్లిద్దరూ అక్కచెల్లెళ్లు కారు. దూరపు చుట్టరికం కూడా లేదు. పెద్దాసుపత్రి ఎదురుగా ఉన్న మందుల షాపులో ఫార్మసిస్టులు. వయసులో పెద్దది కాబట్టి ఆవిడను అందరూ పెద్దక్క అనేవారు. తర్వాత చేరింది కాబట్టి ఈవిడ చిన్నక్క అయింది. చిన్నక్కకు ఇప్పుడు చెవుల పక్కన వెంట్రుకలు తెల్లబడుతున్నాయి, అయినా పేరు చిన్నదిగానే ఉండిపోయింది. ఇంట్లో ఎవరూ పిలవని పేరు కాబట్టి ఆమెకు అదంటే ఇష్టం.

ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. ఆ వీధిలో ఇంకే మందుల షాపులోనూ లేదు. అరలోంచి మందు తీసిన మనిషి దాని పేరు, పవరు, రోజుకు ఎన్ని పూటలో పైకి చదవాలి. చివరి కుర్చీలో కూర్చున్న పెద్దక్క డాక్టరు చీటీ చూస్తూ వింటుంది. సరిపోతే “ఊఁ” అంటుంది. ఆ ఊఁ వినబడితేనే మందు సంచిలో వెయ్యాలి. వినబడలేదంటే చదివిన మనిషి మళ్లీ చీటీ చూసుకోవాలి. “తప్పు” అనే మాట పెద్దక్క నోటి నుంచి ఎప్పుడూ రాలేదు. “కళ్లెక్కడ పెట్టుకున్నావు?” అని ఎవరినీ కసరలేదు. ఊరికే ఊఁ అనకుండా కూర్చునేది, అంతే. ఆవిడే లేచి మందు తీసిందంటే వరస తిరగబడేది. ఆవిడ చదవాలి, చిన్నక్క ఊఁ అనాలి. చిన్నక్క పనిలో చేరిన కొత్తలో, అంత అనుభవమున్న మనిషి చేతిలో సీసా పట్టుకుని తన ఊఁ కోసం ఆగి నిలబడితే ఈమెకు నోరు పెగల్లేదు. “చూసి చెప్పమ్మా. నువ్వు చూస్తేనే కదా నేను వేసేది” అంది పెద్దక్క. తన మాట కోసం ఒక మనిషి పని ఆపి ఎదురుచూడటం చిన్నక్క జీవితంలో అదే మొదలు.

కొనేవాళ్లు విసుక్కునేవాళ్లు. “మందులివ్వమంటే ఎక్కాలు అప్పజెబుతారేంటమ్మా?” అనేవాళ్లు. అన్నవాళ్లే పక్క షాపు ఖాళీగా ఉన్నా ఇక్కడికే వచ్చి నిలబడేవాళ్లు. ఒకసారి ట్యాక్సీ నడిపే ఒకాయన వచ్చి గ్యాసు మాత్రలు ఇమ్మన్నాడు. ఎడం భుజం రుద్దుకుంటున్నాడు. నుదుటి నిండా చెమట. పెద్దక్క మాత్రలు ఇవ్వలేదు. “గ్యాసో కాదో అక్కడ చెబుతారు, ముందు నడు” అని కౌంటరు దాటి వచ్చి, మోచెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, ఆసుపత్రి వాళ్లకు అప్పజెప్పి వచ్చింది. అతను బతికాడు. ఆ తర్వాత అటుగా వచ్చినప్పుడల్లా ఇంటి దగ్గర దింపుతానని పెద్దక్క వెంట పడేవాడు. “నీ డ్రైవింగు చూస్తే నాకొస్తుంది గుండెపోటు, వెళ్లవయ్యా” అని నవ్వేది ఆవిడ.

దహనం అయిపోయాక, మర్నాడు షాపు వాళ్లందరూ కలిసి పెద్దక్క ఇంటికి వెళ్లారు. ఇరుకు హాలు. ఎక్కడి నుంచో అడిగి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు గోడ పొడవునా వేసి ఉన్నాయి. కూర్చోగానే చిన్నక్క కళ్లు స్విచ్చిబోర్డు మీద పడ్డాయి. బోర్డు పైన చిన్న కాగితం అంటించి ఉంది. లావుపాటి అక్షరాలతో “ఆర్పావా?” అని. తలుపు గడియ పక్కన ఇంకోటి, “వేశావా?” అని. అక్కణ్నుంచి కనిపిస్తున్న వంటింటి గోడ మీద, పొయ్యికి పైన, మరోటి. అది చదవకపోయినా ఏముంటుందో చిన్నక్కకు తెలిసిపోయింది.

“అవి నేనే అంటించానమ్మా” అన్నాడు పెద్దక్క భర్త, ఆమె చూపు గమనించి. “ఆవిడకి మతిమరుపు కదా.”

“ఎవరికండీ?” అంది చిన్నక్క.

“మా ఆవిడకే. బయటపడనిచ్చేది కాదు గానీ, పెళ్లయిన దగ్గర్నుంచీ అంతే. ఏది ఎక్కడ పెట్టిందో తెలీదు, ఏది కట్టిందో తెలీదు. అన్నీ నేనే చూసుకోవాలి. ఇంత మతిలేని మనిషిని ఇన్నేళ్లు పనిలో పెట్టుకున్నారంటే మీ ఓనరుగారిది పెద్ద మనసు.” అలా అంటూనే ఆయన ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. అబద్ధం చెప్పే మనిషి ఏడుపు కాదది. అదే చిన్నక్కను మరీ గందరగోళంలో పడేసింది. అబద్ధమైతే కోపం తెచ్చుకుని ఊరుకోవచ్చు.

పొరపాటున వేరే ఇంటికి వచ్చామా అనిపించి ఆమె గోడ మీద ఫొటో చూసింది. పెద్దక్కే. అవే కళ్లద్దాలు, అదే సగం నవ్వు. ఓనరుగారు గొంతు సవరించుకుని, “మా షాపులో ఆవిడ చేతి మీదుగా ఒక్క పొరపాటు జరగలేదండీ” అన్నారు. పెద్దక్క భర్త తల ఊపాడు. “మీరంతా పక్కనుండి చూసుకున్నారు కాబట్టి” అన్నాడు. ఓనరుగారు టీ తాగారు.

ఖాళీ కప్పులు తీసుకుని చిన్నక్క వంటింట్లోకి వెళ్లింది. పెద్దక్క కోడలు సింకు దగ్గర గిన్నెలు తోముతోంది. “మీరేనా చిన్నక్క?” అంది ఆ అమ్మాయి. “అత్తయ్య చెప్పేవారు. షాపులో ఒకామె ఉంది, అది ఊఁ అందంటే నాకింక బెంగ లేదు అనేవారు.”

ఆ అమ్మాయి చెప్పాలనుకున్నది వేరే ఉంది. ఎవరూ వినడం లేదని చూసుకుని, కుళాయి కాస్త ఎక్కువ తిప్పి చెప్పింది.

“ఆదివారం కదండీ. అత్తయ్య మధ్యాహ్నం బట్టలు ఆరేసి వచ్చి గుండెల్లో బరువుగా ఉందన్నారు. మామయ్యగారు పేపరు చూస్తున్నారు. నీకన్నీ అనుమానాలే, తిన్నది అరిగుండదు, పడుకో అన్నారు. ఆవిడ సరేనని ఇక్కడికొచ్చి నన్నడిగారు. ‘ఎడం చెయ్యి లాగుతోందే. ఇది నిజంగానే లాగుతోందంటావా, నాకలా అనిపిస్తోందంటావా?’ అని. నేనేం చెప్పనండీ? మామయ్యగారు అన్నారు కదా అత్తయ్యా, కాసేపు నడుం వాల్చండి అన్నాను.” తోమేసిన గిన్నెనే మళ్లీ తోమింది ఆ అమ్మాయి. “వాల్చారు. మళ్లీ లేవలేదు.”

ఇంటికెళ్లే బస్సులో చిన్నక్కకు కిటికీ పక్కన సీటు దొరికింది. దొరికినా బయటికి చూడలేదు. ఎవరో తెలియని ట్యాక్సీ ఆయన భుజం రుద్దుకుంటుంటే కౌంటరు దాటి వచ్చిన మనిషి, తన చెయ్యి తనను లాగుతుంటే కోడల్ని అడగడమేంటి? తెలియక కాదు. తెలుసు. ఆ జబ్బు లక్షణాలు నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. మరి తెలిసిన మనిషి తెలియనట్టు ఎలా ఉంది? లేక షాపులో తాము చూసింది ఒక మనిషి, ఆ ఇంట్లో ఉన్నది ఇంకో మనిషా? ఆ ముసలాయన చెప్పింది నిజమే అయితే? ఆవిడకు నిజంగానే మతిమరుపు ఉండి, ఇన్నేళ్లూ దాచుకుని ఉంటే? ఆవిడ అన్న ఊఁలు ఎన్ని సరైనవో, ఎన్ని గుడ్డివో? ఛీ, ఏం ఆలోచన ఇది, చచ్చిపోయిన మనిషి మీద అనుమానమా అనుకుంది. అనుకున్నా అనుమానం పోలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో, ఎవరి కోసం ఏడవాలో తేలక, దిగాల్సిన స్టాపు దాటిపోయింది. ఈ సంగతి ఇంట్లో తెలిస్తే ఇంకేమైనా ఉందా అని, నడిచొచ్చిన దూరం గురించి ఎవరికీ చెప్పలేదు.

ఆమెకు ఏడుపు కూడా రాలేదు. వచ్చినా ఏడవడానికి చోటు లేదు. “చుట్టమా పక్కమా, షాపు మనిషి పోతే ఇంట్లో మొహం వేలాడేసుకోవడమేంటి?” అంది అత్తగారు, కంచం ముందు. నిజమే, పెద్దక్క ఆమెకు ఏమవుతుంది? పిన్ని పోతే మూడ్రోజులు సెలవు అడగొచ్చు, ఎన్నడూ చూడని పెదమామగారి తమ్ముడు పోయినా అడగొచ్చు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పక్కపక్కన నిలబడి, ఒకరి మాటకు ఒకరు ఊఁ కొట్టిన మనిషి పోతే ఏమని అడగాలి? మొగుడితో కూడా ఇన్నేళ్లలో అన్ని మాటలు మాట్లాడలేదేమో. ఆ మాట అతనితో అనలేదు లెండి.

షాపు తెరిచారు. చివరి కుర్చీ అలాగే ఉంది. దాన్ని జరపడానికి ఎవరికీ చేతులు రాలేదు. చిన్నక్కే మందులు తీస్తోంది, చదువుతోంది, చీటీ తనే చూసుకుంటోంది. రద్దీగా ఉన్న ఒక మధ్యాహ్నం ఒకాయనకు బీపీ మాత్రలు తీసి, పేరు, పవరు, పూటలు పైకి చదివింది. ఊఁ వినబడింది. సంచిలో వేసి ఇచ్చేసింది. ఆయన మెట్లు దిగి జనంలో కలిసిపోయాక ఆమె చివరి కుర్చీ వైపు తిరిగింది. ఊఁ ఎవరన్నారు? కుర్చీ ఖాళీ. షాపు కుర్రవాళ్లు గోదాంలో ఉన్నారు. ఎవరూ అనలేదు. తనకు వినబడింది, అంతే. ఇన్నేళ్ల అలవాటు చెవిలో పలికింది. కౌంటరు మీద ఉన్న చీటీ తీసి చూసింది. రాసిన దానికన్నా ఎక్కువ పవరు మాత్రలు ఇచ్చేసింది.

వీధిలోకి చెప్పుల్లేకుండా పరుగెత్తింది. ఆయన బస్టాపు దగ్గర దొరికాడు. సంచి మార్చి ఇచ్చి, తప్పయిపోయిందని చెప్పి, తిరిగి వచ్చింది. ఇన్నేళ్లలో మొదటి పొరపాటు అనుకోలేదు ఆమె. ఇంట్లో అనేది నిజమేనన్నమాట అనుకుంది.

తమాషా ఏమిటంటే, అదే సాయంత్రం ఓనరుగారు ఆమెను పిలిచి, “చివరి కుర్చీ నువ్వు తీసుకోమ్మా. తాళాలు, సరుకు, షాపు ఫోను, కొత్తవాళ్లకి నేర్పడం, అన్నీ నీ చేతిలోనే” అన్నారు. మధ్యాహ్నం జరిగింది ఆమె చెప్పేసింది. “తెలుసు, కుర్రాళ్లు చెప్పారు” అన్నారాయన. “చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తావట. అందుకే అడుగుతున్నాను. ఇంట్లో కనుక్కుని చెప్పు.”

ఇంట్లో కనుక్కోవడం అంటే ఏమిటో మీకు తెలియంది కాదు. భర్త ముందు నవ్వాడు. “నువ్వా? చివరి కుర్చీలోనా?” తర్వాత నవ్వు ఆపాడు. “ఇంట్లో గ్యాసు కట్టావో లేదో తెలీదు, జనం ప్రాణాలు నీ చేతిలో పెడతాడా ఆయన? రేపు ఏదైనా జరిగితే పోలీసులు నీ దగ్గరికొస్తారు, నువ్వు నా దగ్గరికొస్తావు.” చిన్నక్క బుద్ధి తక్కువై మాత్రల సంగతి కూడా చెప్పింది. దాచడం ఆమెకు చేతకాదు. “చూశావా? నేనంటే నీకు కోపం గానీ” అన్నాడతను, గెలిచిన మొహంతో. “నీ మంచికే చెబుతున్నాను. నీవల్ల కాదు.”

“తాళాలు నీ దగ్గరుంటే ఆలస్యంగా వస్తావన్నమాట” అంది అత్తగారు. “రాత్రి వంట ఎవరు చేస్తారు?” అసలు సంగతి పెద్దావిడ నోట అలా బయటపడింది. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు, ఎందుకంటే ఆ ప్రశ్నకు జవాబు ఆ ఇంట్లో ఎప్పుడూ ఒకటే.

కాదనేద్దామనే అనుకుంది చిన్నక్క. అతను అన్నదాంట్లో తప్పేముంది? లేని గొంతు వినబడిన మనిషి ఆ కుర్చీలో ఎలా కూర్చుంటుంది? మర్నాడు షాపుకు వెళ్లగానే నావల్ల కాదు సార్ అని చెప్పడానికి నోరు తెరవబోయింది. ఓనరుగారే ముందు మాట్లాడారు.

“ఇందాక మీవారు ఫోను చేశారమ్మా.”

“ఇక్కడికా?”

“ఇక్కడికే. నీకు మతిమరుపనీ, ఇంట్లో అన్నీ తనే చూసుకుంటాననీ, పెద్ద బాధ్యతలు పెట్టొద్దనీ చెప్పారు. తను చెప్పినట్టు నీకు తెలియనివ్వొద్దన్నారు.” ఓనరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన మామూలుగా ఇంత మాట్లాడే మనిషి కాదు. “వింటుంటే ఈ మాటలు ఎక్కడో విన్నానే అనిపించింది. తర్వాత గుర్తొచ్చింది. పెద్దక్కను ఆ కుర్చీలో కూర్చోబెట్టినప్పుడు వాళ్లాయన కూడా ఫోను చేశాడు. అప్పుడు షాపు మా నాన్న చూసుకునేవారు, ఫోను నేను తీశాను. అచ్చం ఇవే మాటలమ్మా. నీ మొగుడూ ఆయనా ఒకే బళ్లో చదువుకున్నట్టు.”

“పెద్దక్కకి చెప్పారా?”

“చెప్పాను. మండిపడుతుందనుకున్నాను. పడలేదు. ‘ఆయన రోజూ చూస్తుంటాడు కదా, అంటే నిజమే అయ్యుంటుంది’ అంది. ‘అయితే ఒక పని చేస్తాను. మందు తీసినప్పుడల్లా పైకి చదువుతాను. ఎవరో ఒకరు చీటీ చూసి ఊఁ అంటేనే సంచిలో వేస్తాను. అలాగైతే కూర్చుంటాను’ అంది. మన పద్ధతి అలా వచ్చింది. తర్వాత అందరికీ పెట్టేశాం.”

చిన్నక్కకు ఆ రోజంతా ఏం చేసిందో సరిగా తెలియదు. అంటే, చేతులకు తెలుసు. తలకు తెలియదు. ఇన్నేళ్లూ ఆ పద్ధతిని చూసి ఎంత మురిసిపోయింది! ఎంత జాగ్రత్త గల మనిషి, ఎంత చదువు, ఎంత క్రమం అనుకుంది. అది చదువు కాదా? భయమా? తన మీద తనకు నమ్మకం లేక, ఒక మనిషి ఒక ఊఁ కోసం నిలబడి ఉండేదా? “నువ్వు చూస్తేనే కదా” అన్నప్పుడు తనకిచ్చిన గౌరవం అనుకున్నది, గౌరవం కాక దిక్కులేనితనమా? కానీ ఆ పద్ధతి వల్ల ఎవరికీ తప్పు మందు వెళ్లలేదే. భయంలోంచి పుట్టింది గదా అని మంచిది కాకుండా పోతుందా? మంచిది కదా అని, ఆ భయం పెట్టిన మనిషి మంచివాడవుతాడా? ఆలోచించే కొద్దీ దారం ఇంకా చిక్కుపడింది. పెద్దక్క మీద జాలి పడితే ఆవిడకున్న పరువు పోతుందేమోనని దిగులు. గౌరవిస్తే ఆ ముసలాయన అంటించిన కాగితాలకు కూడా దండం పెట్టినట్టు అవుతుందేమోనని మంట. ఆవిడే వచ్చి ఏదో ఒకటి చెబితే బాగుండును. ఆవిడ రాదు.

మధ్యలో జనం వస్తూనే ఉన్నారు. మూలింటి ముసలమ్మకు ఫలానా మాత్ర పడదని చిన్నక్కకు గుర్తుంది. అది రాసిన చీటీ పక్కన పెట్టి, డాక్టరుకు కబురు చేసింది. బడి పంతులుగారి చుక్కల మందు ఇవాళతో అయిపోతుందని గుర్తుంది, తీసి పెట్టింది. కూతురి పళ్ల డాక్టరు గురువారం. అత్తగారి కళ్లద్దాలు తేవాలి. భర్త బండి ఇన్సూరెన్సు ఈ నెలే, గుర్తు చెయ్యకపోతే కట్టడు, చేస్తే సణుగుడంటాడు. ఇంట్లో ఉప్పు సగం డబ్బా ఉంది, నూనె రేపటికి చాలదు. అన్నీ ఉన్నాయి ఆ తలలో. ఎవరి మాత్ర, ఎవరి పుట్టినరోజు, ఎవరికి ఏది గిట్టదు, ఎవరి తువ్వాలు ఎక్కడ ఆరింది, అన్నీ. ఇంత బరువు మోస్తున్న తలకు మతిమరుపని పేరు ఎప్పుడు పెట్టారు? ఎవరు పెట్టారు? పెట్టినప్పుడు తను ఏం మర్చిపోయింది? ఎంత తవ్వినా ఆ మొదటిది దొరకలేదు. దొరకకపోయేసరికి, చూశావా, అదీ మర్చిపోయాను అనుకుంది ముందు. అలా అనుకున్నందుకు తర్వాత తనకే సిగ్గేసింది.

రాత్రి భోజనాలకు అందరూ కూర్చున్నారు. చిన్నక్క వడ్డించింది. వడ్డించి, రోజూలా వంటింటికీ బల్లకూ మధ్య తిరగకుండా, తనూ కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఏం చెప్పావు మీ ఓనరుకి?” అన్నాడు భర్త, ఏమీ ఎరగనట్టు.

“ఇంకా చెప్పలేదు. మిమ్మల్ని ఒకటి అడిగి చెబుదామని. నేను మర్చిపోయింది ఏదైనా ఒక్కటి చెప్పండి.”

“ఒక్కటేంటి, వందలున్నాయి.”

“వందలు వద్దు. ఒక్కటి చాలు.”

“గ్యాసు…”

“గ్యాసు తీసి ఉండగా మీరెప్పుడు చూశారు?”

“నేను అడుగుతాను, నువ్వెళ్లి చూస్తావు. అందుకే తీసి ఉండదు.”

“వెళ్లి చూసి, తీసి ఉందండీ అని ఎప్పుడైనా చెప్పానా?”

అతను చపాతీ ముక్క తుంచి, నోట్లో పెట్టుకోకుండా ఆగాడు. “నిన్న మందు తప్పిచ్చావుగా! అదేంటి?”

“అది నేను చెబితే మీకు తెలిసింది. పరుగెత్తి పట్టుకున్నది కూడా నేనే. మీరు చూసింది చెప్పండి. మీ అంతట మీరు, మీ కళ్లతో.”

అత్తగారు కొడుకును ఆదుకోబోయింది. “ఆ రోజు పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయి, గిన్నె మాడ్చలేదూ?”

“అది నువ్వు నానమ్మా” అంది కూతురు, కంచంలోంచి తల ఎత్తకుండా. “అమ్మ షాపులో ఉంది అప్పుడు.”

భర్త ఫ్యాను వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. మామూలుగా అయితే ఇలాంటి చోట చిన్నక్కే అందించేది. పాపం వెతుక్కుంటున్నాడని, తన తప్పు తనే ఏదో ఒకటి గుర్తు తెచ్చుకుని అతని చేతిలో పెట్టేది. ఇవాళ అందించలేదు. అతను వెతికినంతసేపూ చూస్తూ కూర్చుంది.

“బోలెడున్నాయి” అన్నాడు చివరికి. “ఇప్పుడు టక్కున గుర్తు రావట్లేదు, అంతే.”

కూతురు కిసుక్కుమంది. చిన్నక్కకు కూడా నవ్వు వస్తుందనుకుంది గానీ, వచ్చింది వేరే. ఇంతేనా? ఇంత సులువా? ఒక్కటి చెప్పండి అని అడిగితే అయిపోయేదా? ఆ ఇరుకు వంటింట్లో ఎడం చెయ్యి పట్టుకుని, ఇది నిజంగానే లాగుతోందంటావా అని కోడల్ని అడిగిన మనిషి, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఈ మాట అడిగి ఉంటే! ఆవిడ అడగలేదు. పక్కనే ఉన్నా ఆవిడను అడగమని తను చెప్పలేదు, తనకే తెలియదు కాబట్టి. ఇన్నాళ్లూ రాని ఏడుపంతా ఒక్కసారి బయటికొచ్చి, చిన్నక్క కంచం ముందు కూర్చుని బావురుమంది.

“ఇప్పుడేమన్నానని?” అన్నాడు భర్త, బెదిరిపోయి.

“పెద్దక్క పోయిందండీ.”

“ఆ సంగతి ఎప్పుడో తెలుసు కదా!”

“మీకు తెలుసు. నాకిప్పుడే తెలిసింది.”

ఎంతసేపు ఏడవాలనిపిస్తే అంతసేపు ఏడ్చింది. అత్తగారు ఊరుకోమనలేదు. కూతురు కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ఏడుపు అయ్యాక చిన్నక్క మొహం తుడుచుకుని, చల్లారిపోయిన కూర తన కంచంలో వడ్డించుకుని, భర్త వైపు తిరిగింది.

“మీకు గుర్తొస్తే షాపుకి ఫోను చెయ్యండి” అంది. “రేపట్నుంచి అక్కడ ఫోను తీసేది నేనే.”